కనిపించని సగం

మూడో రోజు కూడా దూది నేల మీదే ఉంది.

ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. గది మధ్యలో తెల్లటి గుట్టలా పడి ఉంది. తలుపు తెరిస్తే చాలు, పై పొర లేచి, ఎటు వాలాలో తోచనట్టు కాసేపు గాలిలో వేలాడి, మెల్లగా దిగేది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతున్న ఆ వేళ గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు కనబడింది.

గుట్ట పక్కన ముక్కాలిపీట మీద మేస్త్రి కూర్చున్నాడు. విప్పిన పరుపు గుడ్డ మడత పెట్టి ఒళ్ళో ఉంది. ఆ మడత ఆయన విప్పలేదు. ఎవరినీ విప్పనివ్వలేదు.

ఆయన పరుపులు కుట్టే మనిషి. వీధి వైపు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. చిన్నప్పటి నుంచీ ఎడమ పాదం బయటికి తిరిగి ఉంటుంది. దాని మడమ నేలకు ఆనదు. పాదం అంచు మీద ఈడ్చి నడిచే ఆ చప్పుడు వీధిలో అందరికీ గుర్తే. మూడు రోజులుగా అది వినబడలేదు.

"తినడానికి లేస్తావా, లేకపోతే ఆ దూదే నమిలి కూర్చుంటావా?" గుమ్మంలోంచి అడిగింది ఆయన అక్క.

"అది ఏం చేస్తున్నదో అడుగు."

"ఏది?"

"నీ ముద్దుల మేనకోడలు."

"పక్క గదిలోనే ఉంది. మధ్యలో గోడ ఒక్కటే. నువ్వే అడుగు."

"దానితో నాకు మాటల్లేవు."

గోడ అవతలి నుంచి కూతురి గొంతు వచ్చింది. "చదువుకుంటున్నానని చెప్పు అత్తా."

"చదువుకుంటున్నదట."

"వినబడింది."

"వినబడితే ఇక నేనెందుకురా మధ్యలో? ఈ వయసులో నన్ను గోడకు కిటికీ చేశారు తండ్రీ కూతుళ్ళు."

ఒక దూదిపింజ వచ్చి ఆమె నెరిసిన జుట్టు మీద వాలి, అందులో కలిసిపోయింది.

జరిగింది చిన్న పని. కత్తెర పడింది, అంతే. విద్యార్థుల వసతిగృహం వాళ్ళు పాత పరుపులు విప్పి కుట్టమని పంపారు. వాటిని మేడ మీద ఎండబెట్టారు. మేస్త్రి మంచం మీది పరుపు కూడా అదే రోజు ఎండకు వెళ్ళింది. మేడ మెట్లు ఆయన ఎక్కలేడు. పైన పని కూతురిదే. అన్నిటి మీదా ఒకే నీలం చారల గుడ్డ. పరీక్ష పాఠం తలలో తిరుగుతుండగా, పరధ్యానంలో, తప్పు పరుపు మీద కత్తెర పెట్టానని కూతురు చెప్పింది.

ఆ పరుపు మీద ఆయన భార్య పడుకునేది. ఆమె పోయి మూడేళ్ళు. ఆమె వైపు దూది కుంగి, మనిషి ఆకారంలో ఒక గుంట ఉండిపోయింది. రోజూ దీపం పెట్టే వేళకు మేస్త్రి ఆ గుంట మీద అరచేయి ఆనించి చూసుకునేవాడు. దుప్పటి ఎత్తి చూసేవాడు కాదు. దుప్పటి మార్చడం అక్క పని. ఆయన మాత్రం తన వైపు అంచు పట్టుకుని పడుకునేవాడు. తెల్లవారకముందే చీకట్లోనే లేచి దుకాణంలోకి పోయేవాడు.

"చారలు ఒకటే అయితే మాత్రం!" అన్నాడు ఇప్పుడు, దూదితో చెబుతున్నట్టు. "నేను కుట్టిన టాకా దానికి తెలియదా? దబ్బనం పట్టుకోవడం నేర్పింది నేను. ముడి ఎడమకు వేసేది ఈ వీధిలో నేనొక్కణ్ణే. కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది."

గోడ అవతల పేజీ తిప్పిన చప్పుడు ఆగింది.

"పొరపాటని చెప్పిందిగా," అంది అక్క.

"పొరపాటే. చదువు చేయించిన పొరపాటు. అందుకే చెప్పాను. రేపు పరీక్షకని ఈ గడప దాటితే, మళ్ళీ ఈ గడప తొక్కనక్కర్లేదు."

"రేపు రాయకపోతే సీటు పోతుందిరా. ఏడాది చదువు గంగపాలు."

"పోనీ. నాది పోలేదా?"

ఆ చదువు ఆయనకు తెలియనిదేం కాదు.

ఏడాదిగా గోడలోంచి చెవిన పడుతూనే ఉంది. కూతురు పైకి చదివితే తప్ప బుర్రకెక్కని మనిషి. ఎమ్మే ఆర్థికశాస్త్రం అంటే కొట్టు లెక్కలు కాస్త పెద్దవిగా రాయడం అనుకున్నాడు మొదట. అది కాదు. మొదటి నెలలంతా ఒకటే గొడవ: ఒక మనిషి ఒకటి ఎంచుకుని ఇంకోటి ఎందుకు వదిలేస్తాడు? ఎంచుకున్నదాని అసలు ఖరీదు, దానికోసం వదిలేసినదేనట. ఆ మాట విన్న రోజు దబ్బనం చేతిలో అలాగే ఆగిపోయింది.

తర్వాత ఇద్దరు మనుషుల ఆట వచ్చింది. ఎదుటివాడు ఏం చేస్తాడో వీడు ఊహించాలి, వీడు ఏం ఊహించాడో వాడు ఊహించాలి. చివరికి ఇద్దరూ కదలలేని చోట ఇరుక్కుంటారు. దీనికి పుస్తకం దేనికి, పెళ్ళి చేసుకుంటే చాలదా అనుకున్నాడు మేస్త్రి.

ఆ తర్వాత రేపటి సంగతి. మనిషి కంటికి రేపు ఎప్పుడూ ఇవాళకన్నా చిన్నదిగా కనబడుతుందట. ఎల్లుండి ఇంకా చిన్నది. దూరం పోయేకొద్దీ పిట్టంత అవుతుంది. అలా చిన్నదవడానికి కూడా వాళ్ళ దగ్గర ఒక అంకె ఉంది. ఇంకొన్నాళ్ళకు దేశం మొత్తం వచ్చింది. ధరలు, కూలీలు, పనులు అన్నీ ఒకే తాడుకు కట్టిన ఊయలల్లా, ఒకటి కదిలితే తక్కినవన్నీ కదులుతాయని.

కూతురి గొంతు ఆ పాఠాల మీద ఎత్తుగా పల్లంగా సాగుతుంటే ఈయన దబ్బనం దానికి తగ్గట్టు లేచి దిగేది. దూది గాలిలో తిరిగేది. అర్థమైందో కాదో, ఆ గొంతు వినబడని సాయంత్రం టాకాలు వంకర పోయేవి.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పే రకం కాదు.

వీధి తలుపు చప్పుడైంది. దూది లేచింది.

వచ్చింది కూతురి తోటి విద్యార్థిని. ప్రతి మాటకూ ముందు 'సగటున' అంటుందని ఈ ఇంట్లో ఆ పిల్లను సగటు అనే పిలుస్తారు. ఆ పిల్లకూ తెలుసు, ఏమీ అనుకోదు.

"రేపు ఇద్దరం కలిసి వెళ్దామని చెప్పిపోదామని వచ్చా పెద్దమ్మా," అంది. గుట్టను చూసి గుమ్మంలోనే ఆగింది. "ఇంకా కుట్టలేదా?"

"కుట్టేవాళ్ళకు మాటల్లేవు. మాటలున్న దానికి కుట్టడం రాదు," అంది అక్క. "అయినా ఏడాది నుంచి అడుగుదామనుకుంటున్నా. ఆర్థికశాస్త్రం అంటారు, ఒక్కనాడూ డబ్బు మాట వినబడదేమే?"

"డబ్బు మీద సగటున ఏడాదికి ఒక్క పాఠం ఉంటుంది పెద్దమ్మా. తక్కినదంతా మనుషుల మీదే."

"మనుషుల మీద ఏం ఉంటుంది చదవడానికి?"

ఆ పిల్ల జవాబు చెప్పేలోగా మేస్త్రి అందుకున్నాడు. ఆమెకేసి చూడలేదు. "రేపటి పరీక్ష దేని మీద?"

గోడ అవతల పుస్తకం మూసిన చప్పుడైంది.

"ఏది దేనివల్ల జరిగిందో ఎలా చెప్పాలనే దాని మీద బాబాయ్. ఒక మనిషికి మందు ఇచ్చారనుకోండి. జబ్బు తగ్గింది. మందువల్లే తగ్గిందా? ఇవ్వకపోయినా తగ్గేదేమో. తేలాలంటే అదే మనిషిని, అదే రోజున, మందు లేకుండా చూడాలి. ఎలా చూస్తాం? ఒక్క మనిషికి రెండు బతుకులు ఉండవు కదా. ఒక సగం కనబడుతుంది. రెండో సగం ఎప్పటికీ కనిపించదు. మా పాఠమంతా ఆ కనిపించని సగం గురించే."

"మరి ఏం చేస్తారు?"

"అచ్చం అలాంటి మనుషులనే ఇంకొందరిని వెతుకుతాం. మందు తీసుకోనివాళ్ళని. వీళ్ళ సగటు, వాళ్ళ సగటు పక్కపక్కన పెట్టి తేడా చూస్తాం."

"ఒక్క మనిషి సంగతి?"

"ఒక్క మనిషి సంగతి చెప్పలేం బాబాయ్. సగటునే చెప్పగలం."

"నాకు భార్య ఒక్కతే," అన్నాడు మేస్త్రి. "సగటు భార్య లేదు."

ఆ పిల్ల రేపు పొద్దున్నే వస్తానని గోడతో చెప్పి, దూది లేవకుండా తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయింది.

ఎండ గోడ మీదికి పాకింది. ఒక్కో దూదిపోగు ఆ వెలుతురులోకి వచ్చి, బంగారు రంగు పూసుకుని, దాటిపోయి, మళ్ళీ తెల్లబడుతున్నది. మేస్త్రి అరమోడ్పు కళ్ళతో దాన్నే చూస్తున్నాడు. ఆ రెండో సగం ఎక్కడో ఉండే ఉంటుంది. అందులోనూ ఇదే గది, ఇదే ఎండ. మంచం మీద చారల పరుపు. ఒకావిడ దాని మీద కూర్చుని జడ విప్పుకుంటున్నది. తల తిప్పదు. ఎంతసేపు చూసినా తల తిప్పదు.

"దాని అమ్మ ఉంటే ఈ చదువు చదవనిచ్చేది కాదు," అన్నాడు.

గోడ అవతలి నుంచి కూతురు బయటికి వచ్చింది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. తల్లి ఎత్తే, తల్లి భుజాలే.

"ఆ ఒక్క మాట అనకు నాన్నా."

"ఎందుకు అనకూడదో అడుగు అక్కా."

"అమ్మ ఉంటే ఏమనేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. మూడేళ్ళుగా ఈ ఇంట్లో అమ్మ చేత నీకు కావలసినవే అనిపిస్తున్నావు. అమ్మ ఉంటే పెళ్ళికి ఒప్పించేది. అమ్మ ఉంటే కిటికీ మూసేది. బతికుండగా అమ్మ నీ మాట ఒక్కటి విన్నదా? పోయాకే కదా ఇంత అణకువ వచ్చింది ఆవిడకు!"

"చూశావా అక్కా. ఇదీ చదువు."

"నాతో చెప్పు నాన్నా. నేను ఇక్కడే ఉన్నాను."

"గుంటను చెరిపిన దానితో నాకు మాటలేమిటి? నాకు మిగిలింది అదొక్కటే. బొమ్మ అయితే ఇంకోటి తీయించుకునేవాణ్ణి. చీర అయితే ఇంకోటి వెతుక్కునేవాణ్ణి. అది మళ్ళీ రాదు."

"ఒరేయ్," అంది అక్క.

ఆ గొంతులో ఏదో మారింది. ఇద్దరూ తల తిప్పారు. ఆమె గుమ్మానికి ఆనుకుని, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"నలభై ఏళ్ళుగా పరుపులు కుడుతున్నావు. బరువు తీసేస్తే దూది ఏమవుతుందిరా?"

"లేస్తుంది."

"ఎన్నాళ్ళకు?"

గిరాకీలకు ఆయనే చెప్పే మాట అది. ఎండకు వేసి, ఎవరూ పడుకోకుండా వదిలేయండి, గుంట దానంతట అదే తేలిపోతుందని.

"ఈ వీధిలో ఏ పరుపులోనైనా మూడేళ్ళు గుంట నిలిచిందా? నీ ఒక్కడి పరుపులోనే నిలిచింది. ఎలా నిలిచిందో ఒక్కరోజు అడిగావా నిన్ను నువ్వు?" ఆమె కొంగు వదిలేసింది. "నేను పడుకున్నానురా. రోజూ మధ్యాహ్నం, నువ్వు దుకాణంలో ఉన్నప్పుడు. నా మంచం నడుముకు గుచ్చుకుంటుంది. నీ గుంట నాది."

దుకాణంలో ఎక్కడో దారపు ఉండ ఒకటి దొర్లి ఆగింది.

"అబద్ధం," అన్నాడు.

"నా నడుమును అడుగు."

"పిల్ల పరీక్షకు పోవాలని నువ్వు ఆడుతున్న అబద్ధం ఇది. చిన్నప్పుడు నాకు దెబ్బలు తప్పించడానికి కూడా నువ్వే అబద్ధాలు ఆడావు. నీ మొహం నాకు తెలుసు."

"తెలిస్తే తేల్చుకో."

మేస్త్రి లేచాడు. మూడు రోజుల తర్వాత ఆ పాదం చప్పుడు నేల మీద వినబడింది. ఒళ్ళోని గుడ్డను కింద పెట్టి, మడత మీద మడత విప్పి, దూది పక్కన నేల మీద పరిచాడు. నీలం చారలు. ఒక పక్క తనది, ఒక పక్క ఆమెది. కంగారులోనో భయంతోనో, పరిచేటప్పుడు తల పైకెత్తే ఉంచాడు. గుడ్డ కదిలిన గాలికి దూది లేచి సగం దాని మీదే పడింది.

"మడమలు రాసుకున్న చోట గుడ్డ అరుగుతుంది," అన్నాడు. "నీవి పొడుగు కాళ్ళు. దీని అమ్మది దీని ఎత్తే. ఇది పడుకోనీ, తర్వాత నువ్వు పడుకో. అరుగు ఎవరి మడమల కిందికి వస్తే గుంట వాళ్ళది."

"నాదైతే?"

"నీదైతే నాది పోయింది ఏమీ లేదు. అది పరీక్ష రాసుకోవచ్చు."

"అమ్మదైతే?" అంది కూతురు.

"నీకు తెలుసు."

మూడు రోజుల్లో కూతురితో ఆయన నేరుగా అన్న మొదటి మాట అదే.

ఆ పిల్ల గుడ్డ అంచున నిలబడింది. ఏదో అనబోయింది. తండ్రి మొహం చూసి మానేసింది. వంగి, తల్లి వైపు, చారల మీద వెల్లకిలా పడుకుంది. మేస్త్రి గోడ వైపు తిరిగాడు.

"కాళ్ళు చాపాక చెప్పు," అన్నాడు.

గోడ మీద ఎండ ఎర్రబడింది. అందులో దూది నీడలు చేపల్లా ఈదుతున్నాయి. ఆయన వాటిని చూస్తూ నిలబడ్డాడు. అవి గోడ ఒక మూల నుంచి ఇంకో మూలకు, తొందర లేకుండా పోయాయి.

"చాపావా?"

జవాబు లేదు.

"నిన్నే."

"ఇంకేం చాపుతుంది," అంది అక్క గుసగుసగా. "నిద్రపోయింది."

మేస్త్రి వెనక్కి తిరిగాడు. కూతురు ఒక పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చేయి చెంప కింద పెట్టుకుని ఉంది. గాలిలోని దూది ఒక్కో పోగే దిగి ఆమె భుజం మీద, జుట్టులో వాలుతున్నది. లేపడానికి వంగాడు. లేపలేదు. ఆవిడ భుజం కూడా నిద్రలో ఇలాగే లేచి దిగేది. అది ఇన్నాళ్ళూ ఆయనకు గుర్తులేదు. మూడేళ్ళు గుంటను కాపలా కాశాడు గానీ, అందులో ఆమె ఎలా పడుకునేదో మరిచిపోయాడు. ఇలాగే, ముడుచుకుని. ఆవిడ మడమలు ఎన్నడూ పరుపు చివరిదాకా చేరలేదు.

ఆయన గుడ్డ చివర కూర్చున్నాడు. అక్కడ పేరుకున్న దూదిని అరచేత్తో పక్కకు తోశాడు.

తన వైపు ఒక మడమ గుర్తు ఉంది. లీలగా. ఒక్కటే, కుడి కాలిది. అది ఉండాల్సిందే. ఎడమ మడమ దేనికీ ఆనదు కదా.

ఆమె వైపు కూడా గుర్తు ఉంది. అక్కడ నీలం చార పూర్తిగా పోయి, పోగులు తేలి, గుడ్డ ఉల్లిపొరలా పలచబడింది. రెండో మడమ కోసం పక్కన తడిమాడు. అక్కడ చార కొత్తగా, ముదురుగా ఉంది.

ఒక్కటే మడమ.

మేస్త్రి తన పాదాలను చూసుకున్నాడు. తిన్నగా ఉన్నదాన్ని, వంకర తిరిగినదాన్ని. పక్కకు జరగమని కసిరేవాళ్ళు లేకపోతే నిద్రలో మనిషి ఎంత దూరమైనా జరుగుతాడు. ప్రతి రాత్రీ అంచు పట్టుకునే పడుకున్నాడు. ప్రతి రాత్రీ అక్కడికే వెళ్ళాడు. ఆమె ఆకారమని సాయంత్రాలు తడిమి చూసుకున్నది తన వెన్నే.

"ఏమైందిరా?" గుమ్మంలోంచి అక్క. కళ్ళజోడు లేకపోతే ఆమెకు చారలు కూడా కనబడవు. "ఎవరివి మడమలు?"

ఆయన దూదిని మళ్ళీ ఆ గుర్తు మీదికి లాగాడు.

"నీవే అక్కా."

"నావా?" అంది అక్క ఉలిక్కిపడి. గుమ్మం పట్టుకుంది. "మరి... చెప్పాగా. నావేనని."

"చెప్పావు."

"అయితే..."

"పొద్దున్నే లేపు దాన్ని. పరీక్షకు వెళ్ళాలి."

అక్క దీపం పెట్టడానికన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో ఏ గిన్నె చప్పుడూ రాలేదు చాలాసేపు.

ఎండ పోయింది. గదిలో తెల్లగా కనబడుతున్నది దూది ఒక్కటే. మేస్త్రి కూతురి పాదాల దగ్గర కూర్చునే ఉన్నాడు. ఈ దూది రేపు ఏకాలి. కొత్త గుడ్డ కొనాలి. ఇద్దరికి సరిపడా కొలత కోయాలా, ఒక్కడికి సరిపడానా అనే దగ్గర ఆలోచన ఆగిపోయింది.

"మడమ ఒక్కటే ఉంది కదా నాన్నా."

కళ్ళు తెరవకుండానే అంది. చేయి ఇంకా చెంప కిందే ఉంది.

గాలి లేకపోయినా దూది కదిలింది.

"ఎప్పుడు చూశావు?"

కూతురు ఇంకాస్త ముడుచుకుంది.

"కత్తెర పెట్టక ముందే."